వినపడకున్నా ఊఁ కొడుతున్నరా, ముందుగాల అది బంద్ చేయండి

మా నాయిన మిర్యాలగూడల రైస్ మిల్లుల 26 ఏండ్లు పనిచేసిండు. ఇంటికొచ్చినంక ఏం చెప్పినా "ఊఁ.. ఊఁ" అనేటోడు, మేం కూడా మాట అందిందనే అనుకునేది. ఒకరోజు పొద్దుగాల అమ్మ "సద్ది కట్టిన" అన్నది, నాయినకు అది "వడ్డి కట్టిన" అని వినపడ్డది, ఎవలకు కట్టినవే నాకు చెప్పకుంట అని ఇల్లు పీకి పందిరేసిండు. మేం పడిపడి నవ్వినం. ఆ రోజే దవాఖానకు తోల్కపోవాల్సింది, కానీ ఇంకో తొమ్మిదేండ్లు నవ్వుకుంటనే ఉన్నం.

నేను కూడా పది ఫెయిలైనంక నాలుగేండ్లు బోరు బండి మీద తిరిగిన. 41 ఏండ్లకు నాకు టెస్టు చేయించుకునే గతి పట్టింది, ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు ఉన్నయ్. నేను డాక్టర్ను కాదు గానీ ఈ తిప్పలు పడ్డోన్ని, నాకెవలూ ముందుగాల చెప్పని ముచ్చట్లు మీకు వరుసగ చెప్తున్న.

ముందు మీకు నిజంగ తక్కువ వినపడుతుందా చూసుకోండి

చెవుడంటే సప్పుడే వినపడకపోవుడు అనుకుంటరు మనోళ్లు. అట్ల కాదు. చానామందికి సప్పుడు వినపడతది, మాట అర్థం కాదు. చెవి లోపల నత్తగుల్ల లెక్క ఉండే భాగంల సన్నటి వెంట్రుకల కణాలు ఉంటయ్, ఒక్కో చెవిల దగ్గరదగ్గర 15 వేలు. వయసుకైనా మోతకైనా ముందు దెబ్బతినేది సన్నటి, కీచు సప్పుళ్లను పట్టే కణాలే, అవి సచ్చిపోతే మళ్లీ మొలవయ్. స, ష, త, క, ఫ లాంటి అక్షరాల సప్పుడు ఎక్కువ అక్కడనే ఉంటది. ఆ, ఓ, ఊ లాంటివి మొద్దు సప్పుళ్లు కాబట్టి మంచిగనే వినపడతయ్. సద్ది కాస్త వడ్డి అయ్యేది ఇందుకే. మనిషి చెవులు బాగున్నయనే అనుకుంటడు, "మీరే నోట్ల గొణుగుతుండ్రు" అని ఇంటోళ్ల మీద ఎగురుతడు.

ఇవి గమనించండి. ఆడోళ్ల మాట, పిల్లల మాట కంటే మొగోళ్ల మాట సులువుగ అందుతుందా, పెండ్లి భోజనాలకాడ పక్కోడు చెప్పేది అర్థంకాక నవ్వి ఊకుంటున్నరా, రాత్రి కీచురాళ్ల సప్పుడు విని ఎన్నేండ్లయ్యింది, టీవీ సౌండ్ గురించి ఇంట్ల లొల్లి అయితుందా, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెడుతున్నరా. వీట్ల రెండు మూడు ఉన్నా టెస్టు చేయించుకోవుడే మంచిది.

ఇంట్ల చిన్న పరీక్ష చేయొచ్చు. టీవీ, ఫ్యాన్ బంద్ చేయండి. మీ వెనకాల చెయ్యిదూరంల ఒకర్ని నిలబెట్టి ఒక చెవి వేలుతో మూసుకోండి. వాళ్లు గుసగుసగ "ఐదు, క, రెండు" లాంటివి మూడు చెప్పాలె, మీరు తిరిగి చెప్పాలె. తప్పుపోతే వేరే మూడు చెప్పించి చూడండి, తర్వాత రెండో చెవి. మొత్తం ఆరిట్ల మూడు కూడా సరిగ చెప్పకపోతే ఇంక ఆలోచించేదేం లేదు. మొఖం ఎదురుంగ పెట్టుకొని చేస్తే మాత్రం లెక్కకు రాదు, ఎందుకంటే మనకు తెలవకుండనే పెదవులు చూసి చదువుతం, నేను ఆరేండ్లు ఆ పెదవుల మీదనే బండి నడిపిన.

ఒక్కటి మాత్రం ఆగొద్దు. నిన్నటిదాక బాగున్న చెవి పొద్దుగాల లేచేసరికి మూసుకపోయినట్టు అయినా, ఒకటి రెండు రోజులల్ల ఒక చెవి ఒక్కసారే తగ్గినా అది ఎమర్జెన్సీ. జలుబేమో అనుకొని వెచ్చటి నూనె పోసుకుంట పది రోజులు గడుపుతరు. గులిమి అడ్డంపడ్డా అట్లనే అనిపించొచ్చు గానీ లోపలి నరం దెబ్బతిన్నదా అన్నది చూసేదాక తెలవదు. నరంది అయితే స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల లోపల, అందుల కూడా ఎంత తొందరగ మొదలుపెడితే అంత పనిచేస్తయ్. అదే రోజు, కాకపోతే తెల్లారి, ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పోండి. చెవుడుతో పాటు మూతి వంకరపోయినా, ఇల్లు గిర్రున తిరిగినట్టయినా అసలే ఆగొద్దు.

టెస్టు ఎక్కడ, ఎట్ల

ముందు ఈఎన్‌టీ డాక్టర్, తర్వాత ఆడియాలజిస్టు, అంటే వినికిడి టెస్టు చేసేటోళ్లు, అన్నిటికంటే ఆఖరుకు మిషన్ షాపు. ఈ వరుస మార్చకండి. మేం మార్చి చెడ్డం. పేరెందుకుగానీ ఒక షాపోళ్లు ఫ్రీ టెస్టు అంటే నాయిన్ను తీస్కపోయినం, గంటల 38 వేల మిషన్ అంటగట్టిండ్రు. అది పెట్టినా ఏం ఫరకు లేదు. తర్వాత డాక్టర్ చూస్తే రెండు చెవులల్ల గులిమి రాయి లెక్క గట్టిపడి ఉన్నది. అది తీసినంక చేసిన టెస్టుల నంబర్లు వేరేగ వచ్చినయ్, మిషన్ సెట్టింగ్ మొత్తం మళ్లా చేయించాల్సి వచ్చింది.

మన దిక్కు మహబూబ్‌నగర్, నల్గొండ, సూర్యాపేట మూడుచోట్లా గవర్నమెంట్ మెడికల్ కాలేజీలు వచ్చినయ్ కాబట్టి వాటి జనరల్ దవాఖానలల్ల ఈఎన్‌టీ ఓపీ చూపించుకోవచ్చు. పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాద్ కోఠిల గవర్నమెంట్ ఈఎన్‌టీ దవాఖాన ఉన్నది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ల సెంటర్ ఉన్నది, అది వినికిడి కోసమే పెట్టింది. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలె, ఊరి నుంచి పోయేటోళ్లు మొదటి బస్సుకే పోండి.

డాక్టర్ ముందు చెవిల లైటేసి చూస్తడు, ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి చూస్తడు. గులిమి, కర్ణభేరికి చిల్లు, దాని వెనక నీరు, ఎముక బిగుసుకపోవుడు.. ఇట్లాంటివైతే మందులతోనో ఆపరేషన్‌తోనో బాగయ్యే ఛాన్స్ ఉంటది. తర్వాత సప్పుడు రాని గదిల హెడ్‌ఫోన్ పెట్టి బీప్ బీప్ వినిపిస్తరు, సన్నగ వినపడ్డా బటన్ నొక్కాలె. ఇక్కడ పౌరుషానికి పోయి అందాజగ నొక్కకండి, మా మేనమామ అట్ల నొక్కితే టెస్టు మళ్లా మొదటికొచ్చింది.

ఆఖరుకు ఒక గ్రాఫ్ కాయితం ఇస్తరు, ఆడియోగ్రామ్ అంటరు. ఎర్ర గుండ్రాలు కుడి చెవి, నీలం ఇంటు గుర్తులు ఎడమ చెవి. గీత ఎంత కిందికి దిగితే అంత తక్కువ వినపడుతున్నట్టు. సప్పుడు ఎంత గట్టిగున్నదో కొలిచే లెక్కను డెసిబెల్స్ అంటరు, 20 డెసిబెల్స్ లోపల ఉంటే బాగున్నట్టే. 20 నుంచి 35 దాక కొద్దిగ తగ్గినట్టు, 35 నుంచి 50 దాక మధ్యస్తం, 50 దాటితే గట్టిగ మాట్లాడితేగానీ అందదు, 65 దాటితే తీవ్రం, 80 దాటితే మిషన్ ఉన్నా కష్టమే అయితది. గీత ఎడమ దిక్కు మంచిగుండి 4000 హెర్ట్జ్ కాడ, అంటే సన్నటి కీచు సప్పుళ్ల కాడ, గుంతల పడ్డట్టు దిగి మళ్లా కొంచెం లేస్తే అది మోతకు చెడిన చెవి. నాది అచ్చం అట్లనే ఉన్నది, డాక్టర్ నేను చెప్పకముందే "ఏం మిషన్ మీద పనిచేసినవ్" అని అడిగిండు. ఆ కాయితాన్ని ఫోటో తీసి ఫోన్ల పెట్టుకోండి, ఏడాదికోసారి టెస్టు చేయించి దాంతోటి పోల్చి చూడండి.

చెవిల ఏం పెట్టొద్దు

అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళంచెవి, కోడీక, బడ్స్.. ఏదీ వద్దు. చెవి గులిమిని దానంతట అదే బయటికి నెట్టుకుంటది, మనం పుల్ల పెట్టి తిరిగి లోపలికి దట్టిస్తం. గట్టిపడ్డదనిపిస్తే మందుల షాపుల మెత్తబరిచే చుక్కలు దొరుకుతయ్, కానీ ఎప్పుడన్నా చీము కారిన చెవి అయినా, చిల్లున్నదని తెలిసినా డాక్టర్ను అడగకుంట చుక్క కూడా వేయొద్దు. బస్టాండుకాడ సలాకలు పట్టుకొని తిరిగేటోళ్లతోని చెవి తీయించుకోవుడు బంద్ చేయండి. షుగర్ ఉన్నోళ్లు మరీ జాగ్రత్త, లోపల చిన్న గాయమైనా ఇన్‌ఫెక్షన్ ఎముకదాక పోతది.

పొలంకాడ పడుకున్నప్పుడు పురుగు దూరితే కొబ్బరినూనె నాలుగు చుక్కలు వేస్తే అది కదలకుంట అయితది, తర్వాత దవాఖానల తీయించుకోండి. ఇదీ చిల్లు లేని చెవికే. పిల్లలు శెనగగింజో పెసరగింజో పెట్టుకుంటే మాత్రం నీళ్లు పోయొద్దు, గింజ ఉబ్బి ఇరుక్కుంటది. గడియారంల ఉండే గుండ్రటి సెల్లు చెవిల పెట్టుకుంటే గంటలల్లనే లోపల కాల్చేస్తది, అప్పటికప్పుడు బయల్దేరాలె.

"పిల్లలకు చెవి కారుడు మామూలే, పెద్దయితే పోతది" అనే మాట ఒకటి ఉన్నది మన దిక్కు. దీని మీద నాకు చానా కోపం. ఆ చీము ఏండ్లకేండ్లు కారి కర్ణభేరిని, దాని వెనకున్న బుల్లి ఎముకలను తింటది. చెవి కారే పిల్లలు ఎండకాలం బావిల దుంకొద్దు, తానం చేసేటప్పుడు దూదికి వాజిలిన్ రాసి అడ్డం పెట్టండి. మంచి చెవులున్నోళ్లు కూడా ఈత కొట్టినంక తల పక్కకు వంచి నీళ్లు పోనియ్యాలె, అంతే, పుల్ల పెట్టి తుడుచుకునేది లేదు.

మోత నుంచి తప్పించుకునుడు

లెక్క ఇట్ల ఉంటది. 85 డెసిబెల్స్ సప్పుడుల రోజుకు 8 గంటలు ఉండొచ్చు. అక్కడి నుంచి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ టైం సగమయితది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2, 94 అయితే గంట, 100 అయితే పావుగంటనే. మీటర్ లేకున్నా తెలుసుకోవచ్చు, చెయ్యిదూరంల నిలబడ్డ మనిషికి వినపడాలంటే అరవాల్సి వస్తుందంటే అక్కడ 85 దాటినట్టే. పని దిగినంక చెవులు గుయ్యిమంటున్నా, దూది పెట్టినట్టు మొద్దుగ ఉన్నా ఆ రోజు దెబ్బ పడ్డదని అర్థం. తెల్లారికి తగ్గింది గదా అని చూడకండి, అట్ల రోజూ తగ్గుకుంట తగ్గుకుంటనే ఒక రోజు తగ్గకుంట ఉండిపోతది.

పాలమూరు లేబర్ దేశంల తవ్వని ప్రాజెక్టు లేదు, పోయని కట్ట లేదు అంటరు. సొరంగాలల్ల, రాయి క్వారీలల్ల, డ్రిల్లింగ్ మిషన్ల మీద చేసి వచ్చినోళ్లను ఊర్ల అడిగి చూడండి, 50 ఏండ్లకే "ఆఁ?" అంటరు. క్రషర్లు, రైస్ మిల్లులు, సిమెంట్ ఫ్యాక్టరీలు, జిన్నింగ్ మిల్లులు, బోరు బండ్లు, క్యాబిన్ లేని వరికోత మిషన్లు.. వీట్ల పనిచేసేటోళ్లకు చెవులు కాపాడుకోవుడు నాగరీకం కాదు, కూలీ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. సేఠును ఇయర్ ప్లగ్స్ అడగండి. ఇయ్యకపోతే మీరే కొనుక్కోండి, బీడీ కట్టకు పెట్టేంత పైసలే అయితయ్.

దూదితోని ఏం కాదు, అది చెవిని నమ్మించి మోసం చేస్తది. ఫోమ్ ప్లగ్ పెట్టుకునుడు ఎట్లనంటే, చేతులు కడుక్కొని ప్లగ్‌ను రెండు వేళ్ల నడుమ సన్నటి ఒత్తి లెక్క చుట్టండి. రెండో చెయ్యి తల మీదినుంచి తీసుకొచ్చి చెవిని పైకీ వెనక్కీ గుంజి పట్టండి, అప్పుడు లోపలి దారి సీదా అయితది. వెంటనే ప్లగ్ లోపల పెట్టి అది ఉబ్బేదాక, అంటే ముప్పై అంకెలు లెక్కపెట్టేదాక వేలుతోని అదిమి పట్టండి. అరిచేతులతో చెవులు మూసినా తీసినా సప్పుడుల పెద్ద తేడా లేదంటే మంచిగ కూసున్నట్టు. చానామంది బయట సగం యాలాడేటట్టు పెట్టుకొని "ఇవి పనిచేయయ్" అంటరు. ఆయిల్ చేతులతోని పెట్టొద్దు, నల్లగయితే పారేయండి.

ఇంక డీజే. ఏం చెప్పినా తిడతరని తెలుసు, నాకూ బరాత్‌ల తీన్మార్ ఇష్టమే. కానీ బాక్సుల ముంగట నిలబడి ఎగురుడు వేరు, బాక్సులకు దూరంగ ఎగురుడు వేరు. ఖాళీ జాగల దూరం డబుల్ అయితే దగ్గరదగ్గర 6 డెసిబెల్స్ తగ్గుతది, నాలుగు అడుగుల కాడ ఉన్నోడు పదహారు అడుగులకు జరిగితే 12 తగ్గుతది. పసిపిల్లలను భుజాన ఎక్కించుకొని బాక్సు ముందటికి తీస్కపోయేటోళ్లను చూస్తే మాత్రం నాకు పెయ్యి మండుతది. పెద్దగట్టు జాతరల భేరీల నడుమైనా, కురుమూర్తి జాతరలైనా అంతే, గంటకోసారి పది నిమిషాలు పక్కకొచ్చి చెవులకు రెస్ట్ ఇయ్యండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దని 2000 సంవత్సరం నుంచే రూల్ ఉన్నది, 100 కు ఫోన్ చేయొచ్చు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే సౌండ్ 60 శాతం దాటనియ్యకండి. ఆర్టీసీ బస్సుల ఇంజిన్ మోత మీదికి పాట వినపడాలని పెంచుతరు సూడు, అక్కడనే ఖరాబయితది. బస్సుల బంద్ పెట్టండి, లేకపోతే బయటి సప్పుడు ఆపే రకం కొనుక్కోండి.

ఇంకొకటి, ఊరి డాక్టర్ దగ్గర జరమొస్తే సూది వేయించుకునేటప్పుడు ఏం సూదో అడగండి. జెంటమైసిన్, అమికాసిన్ లాంటివి చెవి కణాలను చంపొచ్చు, కిడ్నీలు బాగలేనోళ్లకు ఇంకా డేంజర్. అవి ప్రాణాలు కాపాడే మందులే, పెద్ద దవాఖానల అవసరమైతే ఇస్తరు, కానీ మామూలు జరానికి వేయించుకునేటివి కాదు.

మిషన్ తీసుకుంటే

రెండు చెవులకూ తగ్గితే రెండింటికీ పెట్టుకునుడు మంచిది, ఒక్కదాంతోని సప్పుడు ఎటునుంచి వస్తుందో తెలవదు. ఆన్‌లైన్‌ల వెయ్యికో పదిహేనొందలకో దొరికేటివి సప్పుళ్లన్నిటినీ ఒకే తీరు పెంచుతయ్, మీ ఆడియోగ్రామ్‌కు సెట్ చేసినవి కావు. కొనేముందు కొన్ని రోజులు ట్రయల్ అడగండి, సెట్టింగుకు ఎన్నిసార్లు వచ్చినా పైసలు తీసుకోరా అని కూడా అడిగి రాయించుకోండి. ఖరీదు కంటే ఈ సెట్టింగే ముఖ్యం.

మొదటిరోజు నాకు మస్తు చిరాకు లేసింది. గిన్నెల సప్పుడు, చెప్పుల సప్పుడు, నా గొంతు నాకే డబ్బాల మాట్లాడినట్టు. అందరికీ అట్లనే ఉంటది, మెదడు ఏండ్ల తరబడి ఆ సప్పుళ్లు మర్చిపోయి ఉంటది. మొదటి వారం ఇంట్లనే రోజుకు రెండు మూడు గంటలు పెట్టుకోండి, ఒక్కరితోనే మాట్లాడండి. తర్వాత మెల్లగ పెంచి, బజారు, ఫంక్షను ఆఖరుకు. నెల రోజులు కాకముందే బీరువల పడేసి "పైసలు దండుగ" అనొద్దు.

సెల్లులకు రంగులు ఉంటయ్, 10 నంబర్ పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. కొత్త సెల్లు స్టిక్కర్ పీకినంక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టండి. పీకినకాడినుంచి వాడినా వాడకపోయినా అది తగ్గుకుంటనే పోతది, స్టిక్కర్ తిరిగి అంటిస్తే లాభం లేదు. మన ఎండలకు చెమట మిషన్లకు దిగుతది, రాత్రి సెల్లు డోరు తెరిచి సిలికా గింజలున్న డబ్బల పెట్టండి. మంగలి షాపుల, తానానికి తీసెయ్యాలె. మిషన్ కూయ్యని కూస్తే చెవిల సరిగ కూసోలేదన్నట్టు, లేకపోతే చెవిల గులిమి ఉన్నట్టు.

మనుషులతోటి మాట్లాడుడు

ఊఁ కొట్టుడు ఇక్కడ బంద్ చేయాలె. ఉత్త "ఆఁ?" అన్నా లాభం లేదు, వాళ్లు అదే మాట ఇంకా గట్టిగ అరుస్తరు, అరిస్తే మాట ఇంకా చెదురుతది. విన్నకాడికి చెప్పి మిగిలింది అడగండి, "రేపు దేవరకొండ పోవాలె అన్నదాక విన్న, ఎన్నిగంటలకు అన్నవ్?" ఇట్లయితే ఎదుటోనికి చిరాకు రాదు, సగం పని అయిపోతది. బ్యాంకులనైనా దవాఖాననైనా మొదటి మాటనే "నాకు తక్కువ వినపడతది సార్, నా మొఖం చూసి చెప్పండి" అనండి. మొదటిసారి అన్నప్పుడు నాకు నాలిక తిరగలే, పదోసారికి అలవాటయింది.

ఇంటోళ్లకు ఏం చెప్పాలెనంటే, వంటింట్ల నుంచి కేకేయొద్దు, ముందు పేరు పిలిచి మనం చూసినంక మాట మొదలుపెట్టాలె, మొఖం మీద వెలుతురు ఉండాలె, అర్థంకాకపోతే అదే మాట కాకుండ వేరే మాటల్ల చెప్పాలె. సద్ది వినపడకపోతే "టిఫిన్ డబ్బా" అంటే అయిపాయె. "ఏం లేదు తియ్, తర్వాత చెప్తా" అనే మాట మాత్రం అననే వద్దు, దానికంటే తిట్టుడు నయం.

ఫంక్షన్ల గోడకు ఆనుకొని కూసోండి, వెనకనుంచి సప్పుడు తగ్గుతది. గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ తెలుగు మాటలను ఫోన్ల అక్షరాలు చేసి చూపిస్తది, మన యాసకు అక్కడక్కడ తిక్కతిక్కగ రాస్తది గానీ పనికొస్తది.

ఆఖరుకు సర్టిఫికెట్ ముచ్చట. 2016 చట్టం ప్రకారం రెండు చెవులల్ల 60 డెసిబెల్స్ మీద పోతే వికలాంగుల లెక్కల వస్తరు, 40 శాతం ఉంటే సర్టిఫికెట్‌కు పనికొస్తది. సర్టిఫికెట్ పరీక్షకు ముందుగాల స్లాట్ బుక్ చేసుకోవాలె, మీసేవల అడిగితే చెప్తరు. ఆధార్, ఫోటోలు, ఆడియోగ్రామ్ జిరాక్స్ పట్టుకపోండి. తోడు ఒక మనిషిని కూడా తప్పకుండ తీస్కపోండి, ఎందుకంటే వినపడనోళ్ల లైన్‌ల కూడా వాళ్లు పేరు నోటితోనే పిలుస్తరు, రెండుసార్లు పిలిచి పలకకపోతే తర్వాతోనికి పోతరు. నాకు మొదటిసారి అట్లనే పోయింది.